బావని తూచిన రోజు

మా అక్క మొగుణ్ణి ఊళ్ళో అందరూ కాటా అంటారు. ఎదురుగా ఉంటే కాటా మేస్టారు, వీపు తిప్పితే ఉత్త కాటా. లారీలు తూచే కాటా దగ్గర ఆయన ఇరవై రెండేళ్ళుగా పని చేస్తున్నాడు. రోడ్డు పక్కన నేలలో పరిచిన పొడవాటి ఇనప పలక, దాని పక్కన చిన్న గది, గదిలో ఒక కుర్చీ, ఒక కిటికీ, అంకెలు చూపించే డబ్బా, చీటీ అచ్చు వేసే మిషను, డ్రైవర్లని కేకెయ్యడానికి ఒక మైకు. లారీ వచ్చి పలక మీద ఆగుతుంది, ఆయన మీట నొక్కుతాడు, చీటీ వస్తుంది, లారీ వెళ్ళిపోతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే పని. నేనైతే వారంలో పిచ్చెక్కి ఆ కిటికీలోంచి దూకేదాన్ని. కిటికీ నడుమెత్తే ఉంటుంది కాబట్టి పెద్దగా దెబ్బ కూడా తగిలేది కాదు.

బావ చేతికి ఏదిచ్చినా బరువు చెప్పి గానీ కింద పెట్టడు. గుమ్మడికాయ ఇస్తే "మూడు కిలోల రెండు వందలు" అంటాడు. అక్కకి తొలి కాన్పు అయినప్పుడు నర్సు పాపని తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. ముక్కు ఎవరిది, నుదురు ఎవరిది అని మేమంతా మీద పడి చూస్తుంటే ఈయన కళ్ళు మూసుకుని, "రెండు కిలోల ఎనిమిది వందలు" అన్నాడు. నర్సు తూచింది. యాభై గ్రాములు తేడా వచ్చింది. ఆ తేడా ఆస్పత్రి తూకంలో ఉందని ఇప్పటికీ వాదిస్తాడు. ఆ పాపకి ఇప్పుడు పదిహేనేళ్ళు. ఇంట్లో దాన్ని పెద్దది అంటాం. దాని తర్వాత ఏడేళ్ళకి పుట్టింది చిన్నది.

ఇంట్లో ఆయన మెతక మనిషి. పిల్లలు నెత్తికెక్కి తొక్కినా పల్లెత్తు మాట అనడు. ఆ కిటికీ వెనక కూర్చుంటే మాత్రం ఉడుంపట్టు. బండి కాగితాల్లో రాసిన బరువు కన్నా పది కిలోలు ఎక్కువున్నా చీటీ ఇవ్వడు, దించి రమ్మంటాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో కాళ్ళావేళ్ళా పడితే ఒక లారీని చూసీ చూడనట్టు వదిలేశాడట. అది కొండ దిగుతూ మలుపులో పక్కకి ఒరిగిపోయింది. డ్రైవరు బతికి బయటపడ్డాడు. బావ మాత్రం వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదని అక్క చెబుతుంది. ఆ తర్వాత బ్రహ్మదేవుడు లారీ వేసుకుని వచ్చినా ఆయన వదిలేలా లేడు.

ఆయన పట్టుదలకి అందరికన్నా ఎక్కువ బలైనవాడు మీసాలాయన. కొండ అవతలి క్వారీ నుంచి రాళ్ళు తోలే డ్రైవరు. ఎన్నిసార్లు తిట్టుకుంటూ రాళ్ళు దించి ఉంటాడో ఆ రాళ్ళకే తెలియాలి. "నలభై కిలోలకి కొంపేం మునుగుతుంది మేస్టారూ?" అని మీసాలాయన, "మునిగేది నీ కొంపే, దించు" అని బావ. పదిహేనేళ్ళుగా ఇద్దరి మధ్యా ఇంతకు మించి మాటల్లేవు. ఒక్కసారి తప్ప.

ఆ ఒక్కసారి సంగతి చెప్పాలి. బావకి లారీ ఎక్కణ్ణుంచి వచ్చిందో చక్రాలకంటిన మట్టి చూసి చెప్పడం అలవాటు. ఎర్రమట్టి ఫలానా వైపు, సున్నపు మట్టి ఫలానా వైపు. తను మాత్రం ఎటు వైపూ వెళ్ళిన మనిషి కాదు. చీటీ మీద ఎక్కణ్ణుంచి, ఎక్కడికి అని రెండు గళ్ళుంటాయి. వాటి నిండా లోకంలో ఉన్న ఊళ్ళన్నీ రాశాడు గానీ ఒక్క ఊరూ చూడలేదు. పదకొండేళ్ళ కిందట ఒక పొద్దున మీసాలాయన లారీ చక్రం మీది రేకులో ఇరుక్కుని ఒక పసుప్పచ్చ పువ్వు వచ్చింది. బావ ఎన్నడూ లేనిది గదిలోంచి బయటికొచ్చి దాన్ని తీసి, ఎక్కడిదని అడిగాడు.

"కొండ మీద పెద్ద మడుగుంది మేస్టారూ. ఎండాకాలం చివర్లో దాని ఒడ్డంతా ఈ పువ్వే. నేల కనపడదు," అన్నాడు మీసాలాయన. "రోడ్డు దిగాక పద్నాలుగు కిలోమీటర్లు లోపలికి వెళ్ళాలి. రోడ్డు గీడ్డు ఏం ఉండదు. రాళ్ళు, రెండు వాగులు. వానలు పడితే దారి మూసుకుపోద్ది."

ఆ పువ్వుని బావ గదిలో బల్ల మీది అద్దం కింద పెట్టుకున్నాడు. మధ్యాన్నం నేను క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా అది కనపడేది. ఏటికేడాది ఎండి గోధుమరంగుకి తిరిగింది. దాని గురించి ఆయన ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. ఆ మడుగు చూడాలన్న కోరిక ఆయన మనసులో ఉందని కనిపెట్టింది మా అక్క.

మా అక్క బడి వ్యాను నడుపుతుంది. ఇరవై ఎనిమిది మంది పిల్లల్ని, వాళ్ళ అరుపుల్ని, వాళ్ళ వాంతుల్ని రోజుకు రెండుసార్లు భరించే మనిషి దేనికీ భయపడదు. బావకి లైసెన్సు ఉంది, డ్రైవింగు లేదు. అందుకని నిరుడు ఒక కరెంటు కాంట్రాక్టరు తన పాత పికప్పు బండి అమ్మేస్తున్నాడని తెలిసి అక్కే వెళ్ళి చూసి వచ్చింది. ముందు అయిదుగురు కూర్చునే క్యాబిను, వెనక సామాను తొట్టి. నాలుగు చక్రాలూ లాగే బండి. వైర్ల చుట్టలు మోసి మోసి తొట్టంతా గీతలు పడిపోయింది. "దీన్ని బాగు చేస్తే మీ మడుగు దాకా వెళ్ళొచ్చు," అంది బావతో. ఆయన, "ఏ మడుగు?" అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

అప్పట్నుంచి ఎనిమిది నెలలు మా ఇంట్లో వేరే మాట లేదు. కాటా పక్కనే ఉన్న వెల్డింగు షెడ్డులో ఆదివారం ఆదివారం బండి పని. తొట్టి మీద రేకు గూడు కట్టించాడు. దానికి మూడు వైపులా పైకి లేచే తలుపులు. వెనక తలుపు ఎత్తి హ్యాండిలు లాగితే వంటబల్ల మొత్తం సొరుగులాగా బయటికొస్తుంది, పొయ్యితో సహా. గూడు మీద మడత గుడారం. చక్రాలు పెద్దవి వేయించి, వెనక చక్రాల మీద బరువు మోసే స్ప్రింగులకి, అవే కమాన్ కట్టలు, ఒక్కో పట్టీ అదనంగా కలిపించి బండిని జానెడు పైకి లేపాడు. వాగు దాటేటప్పుడు ఇంజను నీళ్ళు తాగకుండా, గాలి పీల్చే గొట్టాన్ని అద్దం పక్కనుంచి క్యాబిను పైదాకా ఎక్కించాడు. దాన్ని చూసి మా అమ్మ, "బండికి ముక్కెందుకే?" అంది నాతో. నాతోనే ఎందుకందో తర్వాత చెబుతాను.

పట్టీలు కలిపారు కదా, ఇంకో వంద కిలోలు వేసుకోవచ్చని వెల్డరు అంటే బావ ఒప్పుకోలేదు. "కమాన్ కట్ట ఎంత మోస్తుందన్నది కాదయ్యా. కాగితంలో ఎంతుందన్నది లెక్క." కాగితంలో ఉన్నది, మనుషులతో సామానుతో కలిపి, రెండు వేల తొమ్మిది వందల యాభై కిలోలు. ఆ అంకెని వెల్డింగు షెడ్డు గోడ మీద సుద్దముక్కతో రాసి పెట్టాడు. బండికి బిగించే ప్రతి బోల్టునీ ముందు తూచేవాడు. వంటబల్ల ముప్పై ఎనిమిది కిలోలు వచ్చిందని ఊడదీసి, చెక్కకి వరసగా చిల్లులు వేయించి ముప్పై మూడుకి దించాడు. ఎనిమిది నెలల్లో ఆయన సన్నబడ్డాడు గానీ బండి సన్నబడలేదు.

ఇక మా అమ్మ సంగతి. అమ్మా నేనూ అక్క వాళ్ళింట్లోనే పై వాటాలో ఉంటాం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. అల్లుడంటే ఇష్టం ఉంది గానీ, ఉన్నట్టు కనపడితే పరువు పోతుందని భయం. ప్రయాణానికి ఎవరి బరువెంతో తెలియాలని బావ ఒకరోజు అందర్నీ కాటా దగ్గరికి రమ్మన్నాడు. అమ్మ మొదట ససేమిరా అంది. చిన్నది చెయ్యి పట్టి లాక్కొస్తే వచ్చింది. ఒక్కొక్కరే వెళ్ళి ఆ పెద్ద పలక మధ్యలో నిలబడాలి. ఆయన గదిలో మీట నొక్కుతాడు. ముందు పెద్దది, తర్వాత చిన్నది, తర్వాత అక్క. పలక మీద వాళ్ళు పళ్ళెంలో చీమల్లా ఉన్నారు. చివరికి అమ్మ, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, చేతిసంచి నాకిచ్చి, ఊపిరి బిగబట్టి నిలబడింది.

ఇరవై రెండేళ్ళ అలవాటు మనిషిని ఊరుకోనివ్వదు. బావ అంకె చూశాడు, చెయ్యి దానంతటదే మైకు మీదికి వెళ్ళింది.

"అత్తయ్య ఎనభై!"

వెనక వరసలో ఆరు లారీలున్నాయి. ఒక క్లీనరు ఈల వేశాడు.

అసలు ఆ కాటా పదుల్లోనే చూపిస్తుంది. డెబ్బై ఆరున్నా ఎనభై అంటుంది. ఈ ముక్క బావ తర్వాత నూటొక్కసార్లు చెప్పాడు. అమ్మ వినలేదు. "నాలుగు కిలోలు కలిపి మరీ పరువు తీశాడు," అని నాతో అంది. అంతే, ఆ రోజు నుంచి అల్లుడితో మాటలు బంద్. ఏం కావాలన్నా "మీ ఆయనకి చెప్పవే" అని అక్కతో, "మీ నాన్ననడుగు" అని పిల్లలతో, మిగిలినవన్నీ నాతో. ఆయన ఎదురుగా కూర్చున్నా సరే, గోడకి చెప్పినట్టు చెబుతుంది. ఇది నలభై రోజులు సాగింది.

బావ క్షమాపణ చెప్పడం చేతకాని మనిషి. దానికి బదులు మెట్లు చేశాడు. బండి జానెడు లేచింది కాబట్టి అమ్మ క్యాబినులోకి ఎక్కడం కష్టం. ఆయన మా ఇంటి మెట్ల పక్కన అటూ ఇటూ తచ్చాడుతూ అమ్మ ఎక్కే తీరు రెండు మూడు రోజులు చూశాడు. ఇంటి మెట్టు ఏడంగుళాలు. మూడో మెట్టుకే అమ్మ ఆయాసపడుతోంది. బండికి అయిదంగుళాల మెట్లు చేయించాడు, మడిచి పెట్టేవి, జారకుండా రబ్బరు అంటించి, రెండు వైపులా పట్టుకోవడానికి కడ్డీ పెట్టి. కడ్డీ చేతికి చల్లగా తగలకూడదని దానికి గుడ్డ చుట్టి కుట్టించాడు. అంతా కలిపి ముప్పై రెండు కిలోల ఇనుము. వంటబల్లలో అయిదు కిలోల కోసం చిల్లులు పొడిచిన మనిషి, మెట్లలో ఒక్క గ్రాము తగ్గించడానికి ఒప్పుకోలేదు.

అమ్మ వాటిని చూసి, "ఇనపకొట్టు వాడిలాగా ఇంత ఇనుమెందుకో," అని గోడతో అంది. ఆ మర్నాడు షెడ్డులో ఎవరూ లేని సమయం చూసుకుని ఆమె ఆ మెట్లు ఎక్కి దిగడం నేను చూశాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు. గది కిటికీలోంచి బావ కూడా చూశాడు. చూసి, తల తిప్పేసుకుని, లేని లారీకి చీటీ రాస్తున్నట్టు వంగి కూర్చున్నాడు.

పడకల విషయంలోనే నాకు అనుమానం రావాల్సింది. వరండా నేల మీద సుద్దతో తొట్టి కొలతలు గీసి, ఎవరెక్కడ పడుకుంటారో చూడ్డానికి అందర్నీ పడుకోమన్నాడు. పైన గుడారంలో పిల్లలిద్దరూ, కింద తొట్టిలో అమ్మ, అక్క. తను టేపు పట్టుకుని చుట్టూ తిరుగుతున్నాడు.

"మరి నువ్వు బావా?" అన్నాను.

"నాకు కుర్చీలో నిద్ర అలవాటే. ముందు సీటు చాలు," అన్నాడు.

అక్క సుద్దగీతలో పడుకునే కళ్ళెర్రజేసింది. ఆయన చూడలేదు. అప్పుడే చిన్నది కాలు గీత దాటిందని దాని చుట్టూ కొత్త గీత గీస్తున్నాడు.

అక్క బడికి సెలవులు మొదలయ్యాక, వానలు దిగేలోపు, నాలుగు రోజులు దొరికాయి. బావ ఉద్యోగంలో చేరాక తీసుకున్న మొదటి సెలవు. గదిలో కూర్చోవడానికి ఒక బదులు మనిషి ఏడింటికల్లా వస్తాడు. నేను వెళ్ళడం లేదు. బండిలో అయిదు సీట్లే ఉన్నాయి. పైగా పళ్ళ డాక్టరు దగ్గర నా ఉద్యోగానికి సెలవంటే ఆ డాక్టరుకే పంటినొప్పి వస్తుంది. సాగనంపడానికని పొద్దున్నే ఆరున్నరకి వాళ్ళతో కాటా దాకా వెళ్ళాను. చీటీ లేకుండా ఏ బండీ కదలకూడదని బావ పట్టు. సామానంతా సర్ది, అరవై లీటర్ల నీళ్ళ ట్యాంకు మూతిదాకా నింపి, ఆఖరిసారి తూచి మరీ బయల్దేరాలి.

అక్క బండిని పలక మీదికి ఎక్కించి ఆపింది. పక్క సీట్లో అమ్మ, వెనక పిల్లలు. బావ దిగి గదిలోకి వచ్చాడు. నేనూ ఆయన వెనకే వెళ్ళాను. కొత్త చొక్కా వేసుకున్నాడు, దాని మడతలు కూడా పోలేదు. కుర్చీలో కూర్చుని చేతులు తుడుచుకుని మీట నొక్కాడు. ఎర్ర అంకెలు పరిగెత్తి పరిగెత్తి ఆగాయి. రెండు వేల తొమ్మిది వందల నలభై.

ఆ ముఖం నేనెప్పటికీ మర్చిపోను. పరీక్ష పాసైన పిల్లాడు కూడా అలా వెలిగిపోడు. మైకు లాక్కున్నాడు.

"రెండు వేల తొమ్మిది వందల నలభై! ఇంకా పది కిలోలు మిగిలాయి!"

పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక వరసలో మొదటి లారీ మీసాలాయనది. ఆయన కిందకి దిగి, పళ్ళు తోముకుంటూ, ఈ వేడుకంతా చూస్తున్నాడు. నోట్లోది ఉమ్మేసి కిటికీ దగ్గరికి వచ్చాడు.

"బాగానే ఉంది మేస్టారూ. ఆ పది కిలోల్లో తమరెట్లా పడతారు?"

బావకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అందర్నీ తూచినప్పుడు మీట నొక్కింది ఆయన. షెడ్డు గోడ మీద లెక్కలో అమ్మ ఉంది, అక్క ఉంది, పెద్దది, చిన్నది, చిన్నదాని బొమ్మ కూడా ఉంది. ఇరవై రెండేళ్ళుగా తూగేవన్నీ కిటికీ అవతల ఉంటే, ఆయన ఇవతల ఉన్నాడు. ఎనిమిది నెలలు బోల్టుల్ని తూచిన మనిషికి తనకీ బరువుంటుందన్న మాటే తట్టలేదు. మాకెవరికీ తట్టలేదు. అది తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

"నువ్వు నొక్కు," అని నాతో చెప్పి ఆయన బయటికి నడిచాడు. క్యాబిను వెనక సీటు తలుపు తెరిచి పిల్లల పక్కన కూర్చున్నాడు. నేను నొక్కాను. మూడు వేల పది. మైకులో చెప్పబుద్ధి కాలేదు. కిటికీలోంచి వేళ్ళతో చూపించాను. అరవై ఎక్కువ.

అందరం ఒకేసారి మాట్లాడ్డం మొదలుపెట్టాం. పెద్దది తన పుస్తకాలు తీసేస్తానంది. చిన్నది సంచి విప్పింది. అందులోంచి రాళ్ళు బయటపడ్డాయి, రంగురంగులవి, రెండు కిలోల దాకా.

"కొండ మీదికి రాళ్ళెందుకే తల్లీ?" అన్నాను.

"అక్కడి రాళ్ళకి చూపించడానికి," అంది.

అరవై లీటర్ల నీళ్ళెందుకు, తోవలో మూడు చోట్ల బోరింగులున్నాయి, సగం పారబొయ్యండి అన్నాడు మీసాలాయన. ఏళ్ళ తరబడి తనచేత దింపించిన రాళ్ళన్నిటికీ బదులు ఈ పూట నవ్వుకుంటాడనుకున్నాను. ఆయన తనే వంగి ట్యాంకు కొళాయి తిప్పాడు. నీళ్ళు సగం పోయాక మళ్ళీ చూశాం. ఇంకా ముప్పై ఎక్కువ. వంటబల్ల ఊడదీస్తే గూడు కదిలిపోతుంది. అదనపు చక్రం లేకుండా ఆ రాళ్ళదారిలో వెళ్ళమని ఎవరంటారు?

బావ చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. లారీవాళ్ళతో మాట్లాడినట్టే, నెమ్మదిగా, ఎక్కడా గొంతు పెంచకుండా చెప్పాడు.

"ఇందులో ఉన్నవన్నీ ఒకళ్ళకి కాకపోతే ఒకళ్ళకి అవసరం. స్పానరు పట్టకుండా దిగిపోయే బరువు నేనొక్కణ్ణే. మీరు వెళ్ళిరండి. బండి మీ అమ్మ నడుపుతుంది. పూలు ఫోటో తియ్యండి, చూస్తాను."

చెప్పి, దిగి, గది వైపు నడవడం మొదలుపెట్టాడు. నిజంగానే వెళ్ళి ఆ కుర్చీలో కూర్చునేవాడు. కూర్చుని, బదులు మనిషిని ఇంటికి పంపేసి, సాయంత్రం దాకా చీటీలు రాసేవాడు. పదకొండేళ్ళుగా అద్దం కింద ఉన్న పువ్వుని ఇంకో పదకొండేళ్ళు చూస్తూ ఉండేవాడు. నాకు ఏడుపొచ్చింది.

అక్క ఏడవలేదు. బండి దిగి, తాళంచెవి ఆయన కాళ్ళ ముందుకి గిరాటేసింది.

"మీరు లేకుండా వెళ్ళడానికి నాకేం పుట్టింది? ఆ మడుగు నాకేమన్నా చుట్టమా? ఎవరికోసం తిరిగానండీ ఈ బండి కోసం? పదండి, ఇంటికి పోదాం."

ఇద్దరూ అలా నిలబడిపోయారు, ఆయన తాళం వైపు చూస్తూ, ఆమె ఆయన వైపు చూస్తూ. వరసలో లారీలు పెరుగుతున్నాయి. ఒక్కరూ హారను కొట్టలేదు.

అప్పుడు ముందు తలుపు తెరుచుకుంది. అమ్మ కిందకి చూసింది, మెట్ల వైపు చూసింది, గట్టిగా పిలిచింది.

"ఏం బాబూ!"

బావ వెనక్కి తిరిగాడు. తననే పిలిచిందని నమ్మకం కలగక, నా వైపు చూశాడు.

"నిన్నే. ఈ మెట్లెంత బరువన్నావు?"

"ముప్పై రెండండీ అత్తయ్యా."

"తీసెయ్."

"అత్తయ్యా, అవి లేకపోతే మీరు..."

"ఎక్కలేను. తెలుసు. ఆ మోకాళ్ళు నావే." అమ్మ కొంగు సర్దుకుంది. "నువ్వొస్తే పట్టుకోవడానికి నీ చెయ్యుంటుంది. నువ్వు రాకపోతే ఈ ఇనుముని పట్టుకుని వేలాడాలి. నాకు ఇనుమొద్దు. మైకులో ఊరంతా చాటింది చాల్లే గానీ, ఇప్పుడు నోరు మూసుకుని వచ్చి చెయ్యియ్యి."

నలభై రోజుల మాటలన్నీ ఒక్కసారే అనేసింది. బావ నిజంగానే నోరు మూసుకుని వచ్చాడు. ముందు అమ్మని దింపాలి, ఆ తర్వాత మెట్లు ఊడదీయాలి. అమ్మ ఆఖరిసారి ఆ కడ్డీ పట్టుకుని, గుడ్డ చుట్టిన చోట వేళ్ళు ఆనించి, మెల్లగా దిగింది. మీసాలాయన తన లారీలోంచి స్పానరు తెచ్చాడు. నాలుగు బోల్టులు. ఇద్దరూ కలిసి ఆ మెట్లని మోసుకెళ్ళి గది గోడకి ఆనించారు.

బావ వచ్చి బండి పక్కన కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, మోచెయ్యి ముందుకి చాపాడు. అమ్మ ఆ చేతిని ముందు అనుమానంగా నొక్కి చూసింది, సంతలో కూరగాయ నొక్కినట్టు. తర్వాత బరువంతా దాని మీద వేసింది. ఒక కాలు పైన పెట్టి ఆగింది, ఊపిరి తీసుకుంది. ఆయన రెండో చెయ్యి ఆమె వీపుకి ఆనించాడు. కొత్త చొక్కా చంక దగ్గర పర్రున చిరిగింది. అమ్మ సీట్లో పడింది.

"డెబ్బై ఆరు," అన్నాడు బావ ఆయాసపడుతూ, చాలా చిన్న గొంతుతో. "ఒట్టు. డెబ్బై ఆరే."

"నేను చెప్పలా?" అంది అమ్మ.

అక్క కింద పడున్న తాళంచెవి తీసుకుంది, అందరూ ఎక్కారు. బావ వెనక సీట్లో పిల్లల మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. నేను గదిలోకి పరిగెత్తి ఆయన కుర్చీలో కూర్చున్నాను. క్యారేజీ తెచ్చిన రోజుల్లో ఎన్నోసార్లు ఆ గదిలో నిలబడ్డాను గానీ ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. అక్కణ్ణుంచి చూస్తే కిటికీలో సరిగ్గా ఒక్క బండే పడుతుంది. అందులో అయిదుగురూ కనిపించారు. ఒకళ్ళూ కదలడం లేదు, ఊపిరి బిగబట్టారు, అలా చేస్తే బరువు తగ్గుతుందన్నట్టు.

మీట నొక్కాను. అంకెలు పరిగెత్తాయి. మూడు వేలు దగ్గర కాసేపు ఊగాయి. మెల్లగా దిగి ఆగాయి. రెండు వేల తొమ్మిది వందల యాభై. అంతే, పైన ఒక్క పది లేదు.

చీటీ అచ్చయింది. తీసుకెళ్ళి వెనక కిటికీలోంచి బావ చేతిలో పెట్టాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, ఎవరి చీటీ అయినా చదివినట్టే, పై నుంచి కింది దాకా చదివాడు. ఎక్కడికి అన్న గడిలో నేను ‘మడుగు’ అని కొట్టాను. అక్కడ వేలు పెట్టి కాసేపు ఆగాడు. వెనక మీసాలాయన, "కదలండి మేస్టారూ, నేనూ తూగాలి!" అని అరిచాడు. అక్క ఇంజను స్టార్టు చేసింది.

అమ్మ ముందు సీట్లోంచి మెడ తిప్పకుండానే అడిగింది. "ఇంతకీ ఎంతొచ్చింది బాబూ?"

బావ చీటీని మడిచి, చిరిగిన చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"అందరిదీ కలిపే వచ్చిందత్తయ్యా," అన్నాడు. "విడివిడిగా చూపించదు."